వైద్య విద్యార్థి - గ్రంథాలయం - తెలుగు: వినియోగ అధ్యయనాలపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

వైద్య విద్యార్థులు గ్రంథాలయ సేవలను ఎలా వాడుకుంటున్నారన్న ప్రశ్న మీద గ్రంథాలయ శాస్త్రంలో విస్తారంగా పరిశోధన జరుగుతోంది. ఈ అధ్యయనాలు ఎక్కువగా రాకపోకలను, సంతృప్తిని లెక్కిస్తాయి. విద్యార్థి ఏం చదివాడు, ఏ భాషలో గ్రహించాడు, గ్రహించినదాన్ని రోగికి ఏ మాటల్లో చెప్పగలడు అన్నవి వాటి పరిధిలోకి రావడం అరుదు. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం, ఎస్.ఆర్. రంగనాథన్ పంచసూత్రాలు, విజ్ఞాన చంద్రికా మండలి కృషి ఆధారంగా ఈ పద్ధతిని విమర్శించి, వైద్య కళాశాల గ్రంథాలయంలో తెలుగుకు ఉండవలసిన స్థానాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం. పరిశీలనకు భూమిక కోనసీమలోని కాట్రేనికోన పరిసరాల వ్యవహార భాష.

కీలకపదాలు: వైద్య విద్య, గ్రంథాలయ సేవలు, పంచసూత్రాలు, వైద్య పరిభాష, రోగి భాష, కోనసీమ, విజ్ఞాన చంద్రికా మండలి.

1. ఉపోద్ఘాతం:

కాట్రేనికోన సముద్రానికి, వృద్ధ గౌతమికి దగ్గరగా ఉన్న మండలం. వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు, చేపల వేట ఇక్కడి జీవనాధారాలు. పెద్ద వైద్యం కావాలంటే ముమ్మిడివరం మీదుగా అమలాపురం వెళ్ళాలి. అక్కడా కుదరకపోతే కాకినాడ పోవాలి. అమలాపురంలో కోనసీమ వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. కాకినాడలో 1958లో ఏర్పడిన రంగరాయ వైద్య కళాశాల ఉంది. ఈ ప్రాంతపు పిల్లలు అలాంటి కళాశాలల్లో చదువుతున్నారు. ఈ ప్రాంతపు రోగులు వాటి ఆసుపత్రులకు వెళ్తున్నారు. అక్కడ ఒకరి ఎదుట ఒకరు కూర్చున్నప్పుడు వారి మధ్య ఉన్న భాష తెలుగు. ఆ విద్యార్థి అంతవరకు చదివిన పుస్తకాల భాష ఇంగ్లీషు.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. సంక్రాంతి సెలవులకు మా ఊరు వచ్చిన ఒక వైద్య విద్యార్థినితో ఆమె నాయనమ్మ, “నరాలు లాగేస్తన్నాయే, రేత్రంతా నిద్ర లేదు” అన్నది. ఆ అమ్మాయి మూడో సంవత్సరం చదువుతోంది, చురుకైనది. “నరాలంటే ఏవి నాయనమ్మా, నెర్వ్సా, వెయిన్సా?” అని అడిగింది. పెద్దావిడకు ఆ రెండు మాటలూ తెలియవు. చివరకు ఆమె పిక్క మీద చెయ్యి వేసి చూపించింది. ఆ అమ్మాయి నాతో, “సార్, నేను లైబ్రరీలో రోజుకు ఆరు గంటలు కూర్చుంటాను. నాయనమ్మ మాటకు అర్థం చెప్పే పుస్తకం అక్కడ ఒక్కటీ లేదు” అన్నది.

గ్రంథాలయాన్ని రోజుకు ఆరు గంటలు వాడుకునే ఈ విద్యార్థిని ఏ సర్వేలోనైనా ‘తరచుగా వచ్చే, సంతృప్తి చెందిన పాఠకురాలు’గానే నమోదవుతుంది. ఆమె చెప్పిన లోటు మాత్రం ఎక్కడా నమోదు కాదు. ఈ తేడా ఎందుకు వచ్చిందో పరిశీలించడమే ఈ వ్యాసంలో చేసిన ప్రయత్నం.

2. వినియోగ అధ్యయనాల పద్ధతి:

గ్రంథాలయ శాస్త్రంలో ‘వినియోగదారుల అధ్యయనాలు’ ఒక స్థిరమైన శాఖ. వైద్య కళాశాలల మీద వచ్చే అధ్యయనాలకు ఒక పరిచిత రూపం ఉంది. ఒక ప్రశ్నావళి తయారవుతుంది. మీరు గ్రంథాలయానికి ఎంత తరచుగా వస్తారు? ఎంతసేపు ఉంటారు? దేనికోసం వస్తారు? పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే విభాగం, పత్రికలు, ఎలక్ట్రానిక్ వనరులు, నకలు తీసుకొనే సౌకర్యం, సిబ్బంది సహకారం పట్ల ఎంత తృప్తిగా ఉన్నారు? జవాబులు అయిదు మెట్ల కొలబద్ద మీద గుర్తించాలి. రెన్సిస్ లైకర్ట్ 1932లో మనోభావాలను కొలవడానికి ప్రతిపాదించిన పద్ధతి ఇది. జవాబులు శాతాలుగా మారతాయి. మరిన్ని కంప్యూటర్లు, ఎక్కువ గంటలు, అవగాహన తరగతులు కావాలన్న సూచనలతో అధ్యయనం ముగుస్తుంది.

ఈ పనిని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. రాత్రివేళ గ్రంథాలయం తెరిచి ఉంచాలన్న నిర్ణయానికి ఇలాంటి లెక్కలే ఆధారమవుతాయి. పుస్తకాల కొరత రుజువు చేయడానికి కూడా అవి కావాలి. కాని ఈ పద్ధతికి మూడు పరిమితులున్నాయి.

మొదటిది, రావడాన్ని చదవడంగా లెక్కించడం. విద్యార్థి గ్రంథాలయంలో కూర్చున్నాడన్నది ఒక విషయం, గ్రంథాలయం అతనికి ఏదైనా అందించిందన్నది వేరొక విషయం. సొంత పుస్తకం, సొంత ఫోను తెచ్చుకొని, నిశ్శబ్దం కోసం, పంకా గాలి కోసం వచ్చి కూర్చున్న విద్యార్థి వాడుకున్నది గదిని. ఆ గది అవసరమే. వసతిగృహంలో ఒకే గదిలో నలుగురున్నచోట అది చాలా విలువైనది కూడా. అయినా దాన్ని గ్రంథాలయ సేవ అనడం తొందరపాటు.

రెండవది, సంతృప్తిని కొలమానం చేయడం. ఉన్నదాని మీద మాత్రమే తృప్తి, అతృప్తి కలుగుతాయి. ఎన్నడూ చూడని సేవ లేదని విద్యార్థి బాధపడడు. తెలుగు పుస్తకాల అర ఉండవచ్చునన్న ఊహే లేనివాణ్ణి, ‘తెలుగు పుస్తకాల పట్ల మీ సంతృప్తి ఎంత?’ అని అడిగినా ఉపయోగం లేదు. అసలు ఆ ప్రశ్న అడిగేవారూ తక్కువే.

మూడవది, భాషను అడగకపోవడం. వైద్య గ్రంథాలయం అంటే ఇంగ్లీషు గ్రంథాలయమే అన్నది చర్చ అవసరం లేని విషయంగా ప్రశ్నావళి తయారుచేసేవారూ, జవాబు రాసేవారూ అంగీకరిస్తారు. ఏ సమాజంలోనైనా చర్చకు రాని విషయాన్ని చర్చకు తేవడం విమర్శ పని కనుక, తెలుగు శాఖకు చెందినవాడినైనా ఈ రంగంలోకి రావడానికి సాహసించాను.

3. గ్రంథాలయోద్యమం ఇచ్చిన కొలమానం:

గ్రంథాలయాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్నకు తెలుగు నేల మీద నూరేళ్ళకు పూర్వమే ఒక సమాధానం వచ్చింది. తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో 1890లో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1914లో విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. దానికి చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ సభలోనే రూపుదిద్దుకుంది. ఆ ఉద్యమకారుల దృష్టిలో గ్రంథాలయం ఊరి జనాన్ని తీర్చిదిద్దే కార్యస్థానం. చదువురానివారికి పుస్తకం చదివి వినిపించడం కూడా అప్పటి గ్రంథాలయాల పనుల్లో ఒకటి. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి రేవు రేవుకూ పంపారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి దగ్గరకు వెళ్ళాలన్నది ఆ పడవ వెనుక ఉన్న సూత్రం. కాలువల మధ్య బతికే కోనసీమవారికి ఆ సూత్రం వేరే వివరించనక్కరలేదు.

ఇదే కాలంలో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా 1924లో చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో తన పంచసూత్రాలను గ్రంథరూపంలో ప్రకటించారు. వాటి సారాంశం ఇది: పుస్తకాలున్నది వాడుకోవడానికి, ప్రతి పాఠకునికీ తనకు తగిన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు దొరకాలి, పాఠకుని సమయం వృథా కారాదు, గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి. ఈ అయిదింటిలో ఎక్కడా పుస్తకాల సంఖ్య లేదు, గది వైశాల్యం లేదు. మూడింటిలో పాఠకుడు నేరుగా ఉన్నాడు.

వైద్య కళాశాలలకు అనుమతినిచ్చే సంస్థలు నిర్దేశించే కనీస ప్రమాణాల్లో మాత్రం వైశాల్యం, కూర్చునే వసతి, పుస్తకాలు, పత్రికల సంఖ్య ప్రధానం. తనిఖీకి వచ్చేవారు లెక్కపెట్టగలిగినవి అవే గనుక అలా ఉండటం సహజం. ఆ ప్రమాణాలు లేకపోతే అసలు పుస్తకాలే కొనని యాజమాన్యాలుండవచ్చు. అయినా తనిఖీ కొలమానాన్నే పరిశోధన కూడా కొలమానంగా స్వీకరించవలసిన పని లేదు. రెండవ సూత్రాన్ని తీసుకొని, ‘ఈ పాఠకునికి తన పుస్తకం దొరికిందా?’ అని అడిగితే వైద్య గ్రంథాలయ చిత్రం చాలావరకు మారిపోతుంది.

4. చదువుకునే చోటు, చదివించే చోటు:

ఎంబీబీఎస్ విద్యార్థి చదువును దగ్గరగా చూస్తే రెండు రకాల పుస్తకాలు కనిపిస్తాయి. ఒకటి ప్రామాణిక గ్రంథాలు: 1858లో మొదటిసారి వచ్చిన గ్రే శరీర నిర్మాణ శాస్త్రం, గైటన్ శరీరధర్మ శాస్త్రం, రాబిన్స్ రోగనిర్ణయ శాస్త్రం, హారిసన్ వైద్య గ్రంథం. రెండవది మనదేశపు విద్యార్థుల అవసరాన్ని గుర్తించి వచ్చిన పాఠ్యగ్రంథాలు: బి.డి. చౌరాసియా శరీర నిర్మాణ శాస్త్రం, కె. పార్క్ సామాజిక వైద్య గ్రంథం వంటివి. మొదటి రకం బరువైనవి, ఖరీదైనవి, గ్రంథాలయంలో సంప్రదించవలసినవి. రెండవ రకాన్ని విద్యార్థి కొనుక్కుంటాడు. వీటికి తోడు పరీక్షకు ముందు చదివే ప్రశ్నల సంకలనాలు, పీజీ ప్రవేశ పరీక్ష కోసం ఫోనులో చూసే పాఠాలు ఇప్పుడు మూడవ రకంగా చేరాయి.

విద్యార్థి ఈ మూడవ రకానికి అలవాటు పడినకొద్దీ గ్రంథాలయం ‘సంప్రదించే చోటు’ నుంచి ‘కూర్చునే చోటు’గా మారుతుంది. ఇందుకు విద్యార్థిని తప్పుపట్టడం తేలిక. కాని పరీక్ష ఏ జవాబును కోరుతుందో, విద్యార్థి ఆ జవాబు దొరికే చోటికే వెళ్తాడు. సరైన ఐచ్ఛికం గుర్తించడమే పరీక్ష అయినప్పుడు, ఒక విషయం మీద నాలుగు గ్రంథాలు తిరగేసి భేదాలు గమనించే ఓపిక ఎవరికి ఉంటుంది?

2019లో వచ్చిన సామర్థ్యాధార పాఠ్యప్రణాళిక ఈ స్థితిని కొంత గుర్తించింది. స్వయంనిర్దేశిత అభ్యసనానికి ప్రత్యేకంగా గంటలు కేటాయించింది. వైఖరి, నీతి, సంభాషణ నైపుణ్యాలకు ఒక పాఠ్యభాగాన్ని ఏర్పరిచింది. ప్రవేశించిన తొలిరోజుల పునాది కోర్సులో స్థానిక భాషా నైపుణ్యాన్ని కూడా చేర్చింది. కాగితం మీద ఈ మూడూ గ్రంథాలయాన్ని మధ్యలో నిలబెట్టగల అంశాలే. స్వయంగా నేర్చుకోవాలంటే వెదకడం రావాలి. వెదకడం నేర్పేది గ్రంథాలయాధికారి. రోగితో మాట్లాడటం నేర్చుకోవాలంటే రోగి భాష తెలియాలి. దానికి ఆధార గ్రంథాలు కావాలి. ఇన్ని గంటలు ప్రకటించినా, ఆ గంటలు ఏ పుస్తకాలతో, ఎవరి సాయంతో గడపాలో తేల్చకపోతే అవి మళ్ళీ పరీక్ష చదువులోనే కలిసిపోతాయి.

గ్రంథాలయాధికారి పాత్ర విషయంలో ప్రపంచ అనుభవం ఒకటి గమనించదగింది. అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ 1879లో వైద్య పత్రికా వ్యాసాల సూచి ‘ఇండెక్స్ మెడికస్’ను ప్రారంభించారు. దాని వారసత్వంగానే ఇప్పుడు ఎవరైనా చూడగలిగే పబ్‌మెడ్ వచ్చింది. 1970ల ఆరంభంలో మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సాస్ నగర వైద్య కళాశాలలో గెర్ట్రూడ్ లాంబ్ గ్రంథాలయాధికారులను వార్డుల్లోకి పంపారు. వైద్యులు రోగి మంచం దగ్గర చర్చిస్తుండగా తలెత్తిన సందేహాన్ని రాసుకొని, దానికి సంబంధించిన వ్యాసాలు వెదికి తెచ్చి ఇవ్వడం వారి పని. నాగభూషణం పడవకూ ఈ ఏర్పాటుకూ మధ్య భావసామ్యం స్పష్టం. పాఠకుడు ఉన్నచోటికి పుస్తకం నడిచి వెళ్ళడమే రెండింటిలోనూ ఉంది.

5. తెలుగుకు లేని అర:

నీట్ పరీక్షను 2017 నుంచి తెలుగులో కూడా రాయవచ్చు. అంటే తెలుగులో జీవశాస్త్రం చదివిన విద్యార్థి వైద్య విద్యలోకి ప్రవేశించడానికి రాజ్యం తలుపు తెరిచింది. కాని లోపలికి వచ్చిన మరునాటి నుంచి అతనికి తెలుగులో ఏ సహాయమూ ఉండదు. పాఠశాలలో ‘ధమని, సిర, నాడీకణం, స్నాయుబంధనం’ అని నేర్చుకున్నవాడు రాత్రికి రాత్రి ఆ జ్ఞానాన్ని వేరే పేర్లతో తిరిగి నిర్మించుకోవాలి. ఈ మార్పును దాటించే ఒక చిన్న ద్విభాషా పదకోశం, ఒక తెలుగు శరీర నిర్మాణ పటం గ్రంథాలయంలో ఉంటే అది ఆ విద్యార్థికి ‘తన పుస్తకం’ అయ్యేది.

తెలుగులో వైద్య శాస్త్రం రాయలేమన్న భావన చారిత్రకంగా నిలవదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతోపాటు శాస్త్ర గ్రంథాలనూ ప్రచురించింది. మద్రాసులో పాశ్చాత్య వైద్యం చదివిన ఆచంట లక్ష్మీపతి ఆ మండలి కోసం జీవశాస్త్రాన్ని తెలుగులో రాశారు. తరువాత ఆయన ఆయుర్వేదం వైపు మళ్ళడం వేరే కథ. లక్ష్మణరావు కుమార్తె కొమర్రాజు అచ్చమాంబ స్వయంగా వైద్యురాలు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఉన్నత విద్యకు పాఠ్యగ్రంథాలు, పరిభాష సమకూర్చే పని చేపట్టింది. తెలుగు నేల మీదనే హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో, వైద్యం ఉర్దూ మాధ్యమంలో బోధించిన కాలం ఉంది. అందుకోసం అనువాద సంస్థే పనిచేసింది. జాఫ్నాలో 19వ శతాబ్దంలో శామ్యూల్ ఫిస్క్ గ్రీన్ తమిళంలో వైద్యం బోధించి, గ్రంథాలు అనువదింపజేశాడు. దేశభాషలో వైద్యం చెప్పడం సాధ్యమా అన్నది కనుక పాత ప్రశ్న; దానికి జవాబు కూడా పాతదే.

అయితే ఈ వ్యాసం ఎంబీబీఎస్ తెలుగు మాధ్యమంలో ఉండాలని వాదించడం లేదు. 2022 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో హిందీ వైద్య పాఠ్యగ్రంథాలు విడుదలైనప్పుడు వచ్చిన చర్చలో రెండు పక్షాలూ మాధ్యమం చుట్టూనే తిరిగాయి. పాఠం ఏ భాషలో చెప్పాలన్నదానికి ముందు, వైద్యుడు రోగి మాటను ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్న ఉంది. మాధ్యమం ఏదైనా ఆ ప్రశ్న నిలిచే ఉంటుంది.

6. రోగి మాట - శాస్త్ర పరిభాష:

ఇక్కడ తెలుగు అధ్యయనం చేయగలిగిన పని ఏమిటో కొన్ని ఉదాహరణలతో చూడవచ్చు.

క) నరం: వ్యవహారంలో ఈ ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. ‘నరానికి సూది వేశారు’ అన్నప్పుడు అది సిర. ‘నరాల బలహీనత’ అన్నప్పుడు నాడీ వ్యవస్థకు సంబంధించిన భావన. ‘నరం పట్టేసింది, నరాలు లాగుతున్నాయి’ అన్నప్పుడు చాలాసార్లు కండరం గాని స్నాయుబంధనం గాని. పాఠ్యపుస్తకం నాడి, సిర, స్నాయుబంధనం అని మూడుగా విడదీసింది. ఉపోద్ఘాతంలో చెప్పిన నాయనమ్మ మాటలో ఉన్న చిక్కు ఇదే. దానికి తోడు, పాఠ్యపుస్తకంలోని ‘నాడి’ జనవ్యవహారంలో వైద్యుడు చెయ్యి పట్టుకొని చూసేది. అంటే పరిభాషలోని మాటా, ఊరి మాటా ఒకటే అయినచోట కూడా అర్థం వేరు.

గ) గుండెలు: ‘గుండెల్లో మంట’ అన్న రోగి సాధారణంగా అన్నం జీర్ణం కాక పైకి తన్నే పులుపు గురించి చెబుతాడు. బహువచనంలోని ‘గుండెలు’ తెలుగులో ఛాతీకి కూడా పేరు. అయితే గుండెపోటు కూడా కొందరిలో మంటగానే మొదలుకావచ్చు. ఈ మాట విన్న వైద్యుడు కొట్టిపారేయనూ కూడదు, బెదిరిపోనూ కూడదు. ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఆ రెండు ప్రశ్నలు కూడా తెలుగులోనే అడగాలి.

చ) వేడి: ‘ఒళ్ళు కాలిపోతోంది’ అంటే జ్వరం. ‘వేడి చేసింది’ అంటే చాలాసార్లు జ్వరం కాదు. మూత్రంలో మంట, నోటిపూత, కళ్ళమంట వంటివి. రెండింటినీ ఒకటిగా తీసుకొని జ్వరం మాత్ర రాసిస్తే అసలు బాధ అలాగే ఉంటుంది.

ట) నీరు: ‘కాళ్ళకు నీరు దిగింది’ అంటే వాపు, గుండె, మూత్రపిండం, కాలేయం ఏదైనా కారణం కావచ్చు. ‘నీళ్ళోసుకుంది’ అంటే గర్భవతి. నీటికి సంబంధించిన రెండు వాక్యాల్లో ఒకదానికి మందు, ఒకదానికి శుభాకాంక్ష.

త) బయట: ‘బయట ఉన్నాను’ అన్న స్త్రీ తన రుతుస్రావ స్థితిని చెబుతోంది. ‘నెల తప్పింది’ అన్నప్పుడు గర్భం గురించి చెబుతోంది. ఈ మాటలు మగవారి ముందు అరకొరగా, తల వంచుకొని పలికేవి. ఒకసారి వినిపించుకోని వైద్యునికి రెండోసారి వినిపించవు. మందు రాసేముందు గర్భం ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం ఎంత అవసరమో వైద్యులకు వేరే చెప్పనవసరం లేదు.

పరభాషా ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థులకే ఈ మాటలు కొత్త అనుకోవడం పొరపాటు. ఆరో తరగతి నుంచో, ఇంటర్మీడియట్ నుంచో వసతిగృహాల్లో, ఇంగ్లీషు మాధ్యమంలో పెరిగిన తెలుగు పిల్లలకు కూడా ఇవి దాదాపు అంతే కొత్త. ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చునే వయసును వారు ప్రవేశ పరీక్షకు ఇచ్చేశారు. వేటకు వెళ్ళే బలుసుతిప్ప మత్స్యకారుడు గాని, కొబ్బరిచెట్టు మీద నుంచి జారిపడిన దింపు కార్మికుడు గాని, తన బాధను పుస్తక భాషలో చెప్పుకోలేడు. చెప్పుకోవలసిన బాధ్యత అతనిది కూడా కాదు.

7. అభ్యంతరాలు - సమాధానాలు:

ఈ వాదన మీద రాగల అభ్యంతరాలు ప్రధానంగా మూడు.

ఇవి మాటలేగా, వార్డులో సంవత్సరం తిరిగేసరికి వాటంతట అవే వస్తాయి కదా అన్నది మొదటిది. నిజమే, చాలామందికి వస్తాయి. కాని పొరబాట్లు చేస్తూ వస్తాయి, ఆ పొరబాట్లకు మూల్యం చెల్లించేది రోగి. శస్త్రచికిత్సను వైద్య విద్య అలా వదిలేయదు. పుస్తకం, బోధన, సాధన అనే క్రమం పెడుతుంది. వినడానికి కూడా ఆ క్రమం ఉండాలి.

ఫోనులో అన్నీ ఉన్నాయి, ఇక గ్రంథాలయం ఎందుకన్నది రెండవది. ఫోనులో ఇంగ్లీషు వైద్యం అపారంగా ఉంది. తెలుగులో ఆరోగ్య విషయాల పేరిట దొరికేవాటిలో మంచీ చెడూ కలగలిసి ఉన్నాయి. ఏరి, సరిచూసి, క్రమంలో పెట్టడం గ్రంథాలయాధికారి వృత్తిధర్మం. పాఠకుని సమయం వృథా కారాదన్న నాలుగో సూత్రం ఈ కాలానికే ఎక్కువ వర్తిస్తుంది.

తెలుగు పుస్తకాలు పెడితే ఎవరు చదువుతారన్నది మూడవది, బలమైనది. ఊరికే అరలో పెడితే ఎవరూ చదవరని అంగీకరించాలి. పుస్తకానికి పాఠకుణ్ణి వెదకడం గ్రంథాలయం పనేనని మూడో సూత్రం చెబుతుంది. పునాది కోర్సులోని స్థానిక భాషా గంటలను, సంభాషణ నైపుణ్యాల పాఠాన్ని ఆ పుస్తకాలతో ముడిపెట్టినప్పుడే అవి అర దిగుతాయి.

8. ప్రతిపాదనలు:

ఒకటి, వినియోగ అధ్యయనాల ప్రశ్నావళిలో కొత్త ప్రశ్నలు చేరాలి. గత నెలలో గ్రంథాలయ పుస్తకం వల్ల మీకు తీరిన సందేహం ఏది? తీరని సందేహం ఏది? రోగి అన్న ఏ మాట మీకు అర్థం కాలేదు? దాన్ని ఎవరిని అడిగి తెలుసుకున్నారు? వీటి జవాబులు శాతాల్లో ఇమడవు. అయినా గ్రంథాలయం ఏం కొనాలో, ఏం చేయాలో చెప్పేవి ఇవే.

రెండు, ప్రతి వైద్య కళాశాల గ్రంథాలయంలో ఒక తెలుగు అర ఉండాలి. అందులో ద్విభాషా పదకోశాలు, పాఠశాల స్థాయి తెలుగు జీవశాస్త్ర గ్రంథాలు, ప్రజలకోసం వైద్యులు రాసిన పుస్తకాలు ఉండాలి. తెలుగు సాహిత్యమూ ఉండాలి. డ్యూయీ వర్గీకరణలో వైద్యం 610 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. ఆ దూరం అరల మధ్యనే గాని చదివేవాడి మనసులో ఉండనక్కరలేదు. ‘కాలాతీత వ్యక్తులు’ రాసిన పి. శ్రీదేవి వైద్యురాలు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన కేశవరెడ్డి తెలుగు నవలకు అట్టడుగు మనుషుల జీవితాన్ని ఇచ్చారు. రోగిని మనిషిగా చూసే చూపును వైద్యం, సాహిత్యం పరస్పరం ఇచ్చిపుచ్చుకోగలవనడానికి వారిద్దరూ సాక్షులు.

మూడు, ‘రోగి మాటల కోశం’ ఒకటి తయారుకావాలి. పై విభాగంలో చూపినటువంటి మాటలను ప్రాంతాలవారీగా సేకరించి, సందర్భం, అర్థభేదం, అడగవలసిన తదుపరి ప్రశ్న అనే మూడు అంశాలతో కూర్చాలి. సేకరణను వైద్య విద్యార్థులు, కూర్పును తెలుగు శాఖల పరిశోధకులు, సరిచూడటాన్ని వైద్య అధ్యాపకులు, భద్రపరచి అందించడాన్ని గ్రంథాలయాధికారులు చేపట్టవచ్చు. మాండలిక వృత్తి పదకోశాల నిర్మాణంలో తెలుగుకు మంచి అనుభవం ఉంది. వ్యవసాయానికీ, చేనేతకూ చేసిన పనిని అనారోగ్యానికీ చేయడమే ఇది.

నాలుగు, వైద్య గ్రంథాలయం ఆసుపత్రి గోడ దాటాలి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటి శాఖలు పనిచేస్తున్నాయి. విద్యార్థులు తెలుగులో తయారుచేసిన ఆరోగ్య కరపత్రాలను ఆ శాఖల ద్వారా ఊళ్ళకు పంపవచ్చు. తాను నేర్చుకున్నదాన్ని ఒక పేజీ తెలుగులో రాయగలగడం విద్యార్థికి మంచి పరీక్ష కూడా. పాముకాటు తగిలినప్పుడు మొదటి గంటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే ఒక్క కాగితం కోనసీమ పొలాల్లో ఎంత పని చేయగలదో ఊహించవచ్చు.

9. ముగింపు:

వైద్య విద్యార్థుల గ్రంథాలయ వినియోగాన్ని రాకపోకలతో, సంతృప్తితో కొలిచే పద్ధతి అవసరమైనదే గాని చాలినది కాదు. పంచసూత్రాల వెలుగులో చూసినప్పుడు, గదిని వాడుకోవడానికీ గ్రంథాలయాన్ని వాడుకోవడానికీ ఉన్న తేడా తెలుస్తుంది. ఆ తేడాలో ముఖ్యమైన భాగం భాషకు సంబంధించినది. ఇంగ్లీషు గ్రంథాలు వైద్య విద్యకు ఆధారంగా ఉంటూనే, రోగి మాటను అర్థం చేసుకొనే తెలుగు వనరులు వాటి పక్కన ఉండటం సాధ్యమే, అవసరమే. ఈ పని వైద్యులొక్కరిది కాదు. తెలుగు శాఖలు కూడా ఇంతకాలం ఆ గడప తొక్కలేదన్నది ఒప్పుకోవాలి.

మా ఊరి విద్యార్థినికి ఆమె అడిగిన పుస్తకాన్ని నేనూ ఇవ్వలేకపోయాను. నాకు తెలిసినంతలో ‘నరం’ అన్న మాట గురించి రెండు పుటలు రాసి ఇచ్చాను. వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆమె వాటి చివర తాను వార్డులో విన్న పదకొండు మాటలు చేర్చి తిరిగి ఇచ్చింది. వాటిలో నాలుగు నాకూ తెలియనివి. పైన ప్రతిపాదించిన కోశానికి పని ఆ పుటలతోనే మొదలుపెట్టాను.